నల్లగాజు – సూర్యకిరీటము

సూర్యగ్రహణము వచ్చుచున్నదన్న మాట వినబడగానే పూర్వము మన పల్లెలలో పిల్లలు గాజుపెంకు నొకదానిని సంపాదించి, కిరసనాయిలు బుడ్డిపై పట్టి, మసి పట్టించుకొనెడివారు. ఆ మసిగాజులో నుండి చూచినచో సూర్యబింబము కన్ను చెదరనీయక రాగిపళ్ళెమువలె కనబడెడిది. అది క్షేమమైన పని కాదు. మసి వెలుగును తగ్గించునే గాని, కంటికి కానరాని ఉష్ణకిరణములను నమ్మకముగా ఆపజాలదు. కావున మా శ్రోతలలో ఎవ్వరును ఆ ముచ్చట తీర్చుకొనవలదని ముందుగనే మనవి చేయుచున్నాము. అయినను, వెలుగు మితిమీరినపుడు దానిని తగ్గించుకొన్నగాని వస్తువు కనబడదను సంగతిని ఆ పిల్లలు సరిగనే గ్రహించిరి.

ఫొటోగ్రాఫరులు వాడెడి న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు ఈ మసిగాజునకు శాస్త్రీయమైన రూపము. ఎఱ్ఱగాజు ఎఱుపును మాత్రము పోనిచ్చి తక్కిన రంగులను మ్రింగివేయును. ఈ గాజు ఏ రంగుపైనను పక్షపాతము లేక అన్నింటిని సమముగా తగ్గించును. దాని బలమును అంకెలలో చెప్పుదురు. 0.3 అన్నచో వెలుగు సగమగును; 0.6 అన్నచో పాతిక వంతు, 1.0 అన్నచో పదవ వంతు, 3.0 అన్నచో వెయ్యవ వంతు. ఈ కొలత 1890లో ఇంగ్లండులోని విడ్నెస్ పట్టణమున పుట్టినది. హర్టరు అను రసాయనశాస్త్రజ్ఞుడును, డ్రిఫీల్డు అను ఇంజనీరును తమ ఫొటో ఫలకములు ఎంత వెలుగునకు ఎంత నలుపెక్కునో లెక్కగట్టుచు దీనిని ఏర్పరచిరి. జలపాతము పాలనురుగువలె కనబడునట్లు తీసిన చిత్రములు పత్రికలలో చూచుచుందుము. వెలుగు తగ్గించి, కెమెరా కన్ను ఎక్కువసేపు తెరచియుంచినందున వచ్చిన సొగసది. మేము చెప్పదలచిన కథ అంతకంటె కష్టసాధ్యమైనది. ఆ కథ రెండుమారులు మన తెలుగునేలను తాకినది.

మొదటిది 1868 ఆగస్టు 18. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు మీదుగా పోయినది. ఫ్రాన్సునుండి జాన్సెన్ వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన వర్ణపటదర్శినిని నిలిపెను. బ్రిటిషువారి పక్షమున మేజరు టెనంటు దూరదర్శినితోను, ఫొటో ఫలకములతోను వచ్చెను. సూర్యుడు పూర్తిగా మరుగైయున్నది అయిదు నిమిషములకు పైగా. పలుచని మబ్బులు అడ్డుపడుచుండెను. టెనంటు తీసిన ఫలకములపై సూర్యుని అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలలు చక్కగ పడినవి. కాని జ్వాలల వెలుపల దూరముగ వ్యాపించియుండు కరోనా, అనగా తెల్లని కాంతికిరీటము, కంటికి కనబడినట్లుగా ఫలకమునకు అందలేదు.

హీలియమును గుంటూరులోనే కనుగొనిరని మనము గర్వముగా చెప్పుకొనుట కద్దు. ఆ మాట పూర్తిగా సరి కాదని మా అభిప్రాయము. ఆ పసుపుపచ్చని గీత క్రొత్త మూలకమునకు చెందినదన్న ఊహ ఇంగ్లండులోని లాకియరుది. జాన్సెన్ ఘనత వేరు. గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూడవచ్చునని ఆయన మరునాడు గుంటూరులోనే నిరూపించెను. ఆకాశపు వెలుగును వర్ణపటదర్శిని అన్ని రంగులలోనికి పరచి పలుచన చేయును. జ్వాల వెలుగు కొద్ది రంగులలోనే యుండుటచే అది పలుచబడక నిలుచును. అనవసరమైన వెలుగును మాత్రమే తగ్గించు ఈ ఉపాయము కూడ మన నల్లగాజునకు దూరపు చుట్టమే.

కరోనాతో వచ్చిన చిక్కేమి? సూర్యుని అంచు చెంత అది మిక్కిలి కాంతివంతము. అంచునుండి సూర్యవ్యాసార్ధమంత దూరము పోవుసరికే నూరు రెట్లకు పైగా క్షీణించును. ఇంకను పోయినచో వెయ్యి రెట్లు. ఫలకమునకు అంత అంతరమును ఒక్కమారు భరించు శక్తి లేదు. తక్కువసేపు తెరచినచో లోపలి భాగము పడి వెలుపలి కిరణములు పోవును. ఎక్కువసేపు తెరచినచో కిరణములు పడి లోపలి భాగము తెల్లని ముద్దయగును. పోనీ, మరియొకమారు తీయుదమన్నచో గ్రహణము ఆగదు. 1871 డిసెంబరు 12న దక్షిణభారతమున గ్రహణము పట్టినపుడు నీలగిరులలోను, మలబారు తీరమున బేకల్ వద్దను మంచి చిత్రములు తీసిరి. తుదకు లండనులో వెస్లీ అను చిత్రకారుడు ఫలకములన్నింటిని ముందిడుకొని, ఏ ఫలకమున ఏ భాగము స్పష్టముగ నున్నదో చూచి, అన్నింటిని కలిపి చేతితో ఒక చిత్రము గీయవలసి వచ్చెను. కెమెరా వచ్చిన పిమ్మట కూడ కరోనా సమగ్రరూపమునకు పెన్సిలే దిక్కయినది.

1898 గ్రహణమునకు అమెరికానుండి భారతదేశమునకు వచ్చిన బర్క్‌హాల్టరు ఒక చమత్కారము చేసెను. ఫలకమునకు ముందు, తగిన ఆకారమున కత్తిరించిన రేకును గిరగిర త్రిప్పెను. మధ్యభాగముపై రేకు ఎక్కువసేపు అడ్డుండును, అంచులపై తక్కువసేపు. ఆలోచన గొప్పదే కాని, గ్రహణసమయమున తిరుగుచుండు యంత్రమును నమ్ముకొనుట సాహసమే.

అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీకి చెందిన గోర్డన్ న్యూకిర్కు ఆ రేకునకు మారుగా కదలిక లేని గాజును పెట్టెను. దాని నలుపు నడుమ దట్టము. అంచులకు పోనుపోను క్రమముగ పలుచన. ఆ తగ్గుదల కరోనా వెలుగు తగ్గుదలకు సరిపడునట్లు కూర్చబడినది. 1966 నవంబరు 12న బొలీవియా దేశములో పులకాయో వద్ద ఆ కెమెరాతో తీసిన చిత్రమున లోపలి వలయములును, వెలుపలి సన్నని కిరణములును ఒక్కచోటనే కనబడినవి.

అదే కెమెరా 1980 ఫిబ్రవరి 16న నాటి మహబూబునగరు జిల్లాలోని పాలెమునకు వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్–రంగాపూర్ వేధశాల కూడ ఆ నీడదారిలోనే యున్నది. మధ్యాహ్నము మూడున్నర దాటిన పిమ్మట, రెండు నిమిషములకు కొంచెము పైగా చీకటి క్రమ్మెను. హైదరాబాదులో ఆ వేళ జనులు తలుపులు బిగించుకొని యింట కూర్చుండగా వీధులు నిర్మానుష్యమయ్యెనని మా పెద్దలు చెప్పగా విన్నాము. కంటికి హానియను భయము సమంజసమే. కాని ఆ రెండు నిమిషములు మాత్రము, సూర్యుడు పూర్తిగా మరుగైయున్నంతసేపు, వట్టికంటితో చూడదగినవి. ఆ దృశ్యమును మన వారిలో ఎందరో పోగొట్టుకొనిరి.

పాలెమున తీసిన చిత్రము నిలిచినది. సూర్యుని చైతన్యము ఉచ్చదశలో నున్న సంవత్సరమగుటచే కిరణములు ఒక ప్రక్కకు గాక అన్ని దిక్కులకు, కదంబపుష్పపు కేసరములవలె విచ్చుకొని యున్నవి.

నేటి పరిశోధకులు వేర్వేరు వ్యవధులతో పదులకొలది చిత్రములు తీసి కంప్యూటరుతో కలుపుచున్నారు. వెస్లీ పెన్సిలుతో చేసినది ఇదియే. ఫలితము మరింత సూక్ష్మముగ నుండుననుటలో సందేహము లేదు. మాకు మాత్రము పాలెపు చిత్రముపైననే మక్కువ. అందలి కిరణములన్నియు ఒకే ఫిల్ముపై, ఒకే పర్యాయమున పడినవి.