పేరులో మిగిలిపోయిన సందేహం

సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధిలో దెబ్బతినే ప్రోటీన్‌ను సీఎఫ్‌టీఆర్ అంటారని మీరు చదివారు. అది కణత్వచంలో క్లోరైడ్ అయాన్లు సాగే మార్గం. మరి దాని పేరులో చివరి మాట ‘ఛానెల్’ కాక ‘రెగ్యులేటర్’, అంటే నియంత్రకం, ఎందుకైంది? పరీక్ష కోసం పేరు వల్లె వేసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి.

1938లో న్యూయార్క్‌లో డొరతీ ఆండర్సన్ దీన్ని క్లోమ వ్యాధిగా వర్ణించారు. చాలాకాలం అందరి దృష్టీ చిక్కటి శ్లేష్మం మీదే ఉండేది. 1948 వేసవిలో ఆ నగరంలో వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో కొందరు ఈ వ్యాధిగ్రస్తులని తేలింది. ఆ ఆధారంతో పాల్ డి సాంట్ ఆగ్నీస్ బృందం 1953లో వారి చెమటలో ఉప్పు అధికమని చూపింది.

కారణం తెలియడానికి మరో 30 ఏళ్లు పట్టింది. స్వేదగ్రంథిలో మొదట ఊరే చెమట దాదాపు ప్లాస్మా అంత ఉప్పగా ఉంటుంది. బయటికి వచ్చే దారిలో నాళం ఆ ఉప్పును తిరిగి పీల్చుకుంటుంది. వ్యాధిగ్రస్తుల నాళం క్లోరైడ్‌ను పోనివ్వదని 1983లో పాల్ క్వింటన్ నిరూపించారు. ఆయనకూ ఇదే వ్యాధి. పరిశోధకుడు తన అంశానికి దూరంగా ఉండాలని మేం తరగతిలో చెబుతుంటాం. ఆయనకు ఆ వీలు లేదు, అయినా ఆయన కొలతలు నిలిచాయి.

ఇక్కడే చిక్కు వచ్చింది. రోగుల శ్వాసనాళ కణాల్లో క్లోరైడ్ ఛానెళ్లు కనిపించాయి, కానీ ప్రోటీన్ కైనేజ్ ఏ ఆదేశానికి తెరుచుకోలేదు. అంటే ఛానెల్ బాగానే ఉంది, దాన్ని నడిపే నియంత్రకం చెడిందని చాలామంది భావించారు. (వారు చూసింది వేరే ఛానెల్ అని తరువాత తెలిసింది.) 1989లో ల్యాప్-చీ ట్సుయి, జాక్ రియోర్డాన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు జన్యువును కనుగొన్నాయి. 1480 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్ అప్పటికి తెలిసిన ఛానెళ్లను పోలి లేదు. పదార్థాలను మోసే రవాణా ప్రోటీన్లను పోలి ఉంది. అందుకే ఆ జాగ్రత్త పేరు.

1991లో మైకేల్ వెల్ష్ బృందం ఈ ప్రోటీన్‌లో ఒక్కో అమైనో ఆమ్లాన్ని మార్చి చూసింది. కొన్ని మార్పులతో, ఏ అయాన్‌ను ఎక్కువగా పోనివ్వాలన్న ఎంపికే మారిపోయింది. ఇది బయటి నియంత్రకం మాత్రమే అయితే అలా జరగదు.

నియంత్రణ కూడా ఆ అణువులోనే ఉంది. కైనేజ్ ముందు దాని ‘ఆర్’ భాగానికి ఫాస్ఫేట్‌లు చేరుస్తుంది. ఆ తరువాత ఏటీపీ అతుక్కుంటే మార్గం తెరుచుకుంటుంది, ఏటీపీ విచ్ఛిన్నమైతే మూసుకుంటుంది. 551వ స్థానంలో గ్లైసీన్ మారినవారిలో ఈ తెరుచుకోవడమే చెడుతుంది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఐవకాఫ్టర్ వారికి పనిచేసింది. 508వ స్థానంలో ఫినైల్‌అలనీన్ లోపించినవారికి అదొక్కటే చాలలేదు. వారి ప్రోటీన్ సరిగా ముడుచుకోదు. చాలా భాగాన్ని కణత్వచం చేరకముందే కణం విరగ్గొట్టేస్తుంది.