పావురం వంతు, డేగ వంతు

మన దేశంలో పక్షుల సంరక్షణ కోసం వచ్చిన రెండు చట్టాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక విడ్డూరం కనిపిస్తుంది. 1912లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన అడవి పక్షులు, జంతువుల సంరక్షణ చట్టం జాబితాలో పావురాలున్నాయి, డేగలు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని తర్వాతి సవరణలతో కలిపి చూస్తే డేగలు అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో కూర్చున్నాయి. పావురాల జాతిని అప్పటి నాలుగో షెడ్యూలులో చేర్చినవారు, గుడి గోపురాల్లో, కోట గోడల్లో గూడు కట్టే నీలి పావురాన్ని మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించారు. పందేనికి ఎగరేసే హోమర్ పావురం ఆ నీలి పావురం వంశమే. అరవై ఏళ్లలో చట్టం పక్షం మారిపోయింది. ఆ మార్పు భారం పావురాలు పెంచేవాళ్ల మీద పడింది.

ఈ సంగతి అనంతపురం పీఠభూమి మీద నిలబడి ఆలోచిస్తే బాగా అర్థమవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల ఇది. చెట్టు తక్కువ, బండ ఎక్కువ. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం కొండలు చుట్టుపక్కల చేల మీద నిట్టనిలువుగా లేచి ఉంటాయి. ఆ బండల నెర్రెల్లోనే నీలి పావురాలు గూడు పెడతాయి. అలాంటి కొండ చరియల అంచులే భైరి డేగల్లో ఇక్కడే ఉండే రకమైన షాహీన్ డేగకు, బోనెల్లీ గద్దకు కూడా కావాలి. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి భైరి డేగలు దిగుతాయి. అంటే వేటకూ వేటగాడికీ ఒకే కొండ ఇల్లు. పైగా హైదరాబాదు నుంచి బెంగళూరుకు తిన్నగా గీత గీస్తే అది తాడిపత్రి, పుట్టపర్తి ప్రాంతాల మీదుగా పోతుంది. బెంగళూరు గూళ్ల పావురాలను ఉత్తరాన వదిలితే అవి ఇంటికి చేరాలంటే ఈ ఆకాశం దాటక తప్పదు.

పావురానికీ డేగకూ మధ్య తీర్పు చెప్పవలసి రావడం మనకు కొత్త కాదు. పావురం కోసం తన తొడ మాంసం కోసి డేగకు తూచి ఇచ్చిన శిబి కథను మూడో శతాబ్దిలోనే నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు. ఆ కథలో డేగ దుర్మార్గి కాదు. ఆకలిగొన్నది, తన ఆహారం తనకిమ్మని న్యాయం అడుగుతుంది. రాజు పావురాన్ని కాపాడతాడు గానీ డేగను చంపించడు.

తర్వాతి రాజులు రెండింటినీ పెంచారు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజవినోదాల పట్టిక ఉంది. అందులో పావురాల వినోదం ఒకటి, డేగతో వేటాడే శ్యేన వినోదం మరొకటి. మొగలులకు వచ్చేసరికి పావురాల మోజు ముదిరింది. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో తన పావురాల గూడుతో సహా లోయలోకి కూలి చనిపోయాడు. అక్బరు ఆస్థానంలో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని, వాటిలో 500 మేలైన ఖాసా పక్షులని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ లెక్క రాశాడు. పావురాలు ఎగరేసే ఆటను అక్బరు ఇష్క్‌బాజీ (ప్రేమాట) అనేవాడు. అదే కొలువులో వేట డేగలకూ వేరే సిబ్బంది ఉండేవారు. దక్కను పట్టణాల్లో మిద్దెల మీద పావురాలు ఎగరేసే అలవాటుకు ఈ కొలువుల సంస్కృతి దన్నుగా నిలిచింది.

పందొమ్మిదో శతాబ్ది మధ్యలో మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డన్ దక్షిణాది పక్షుల వివరాలు రాస్తూ వాటి తెలుగు పేర్లూ సేకరించాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన ఆయన పుస్తకంలో షాహీన్‌ను పట్టి వేటకు మచ్చిక చేసుకునే తీరు కనిపిస్తుంది. అప్పటికి డేగ పనికొచ్చే పక్షి, దానికి ధర ఉంది. వేట డేగల వాడుక క్రమంగా అంతరించాక అది పనికిమాలిన పక్షి అయింది. 1887లో, ఆ తర్వాత 1912లో వచ్చిన చట్టాలు తుపాకీ పట్టిన దొరల కళ్లతో అడవిని చూశాయి. కంజులు, కౌజులు, బాతులు, పావురాలు వేటాడి తినేవి కాబట్టి, అవి పిల్లలు పెట్టే కాలంలో వాటిని కొట్టకూడదన్నారు. వాటినే తినే డేగ మీద ఎవరికీ జాలి లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఆలోచన పరాకాష్ఠకు చేరింది. సైన్యం వార్తలు మోసే పావురాలను భైరి డేగలు తన్నుకుపోతున్నాయని 1940లో బ్రిటన్ ప్రభుత్వం డేగలను చంపమని ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 600 డేగలు హతమయ్యాయి. అదే ప్రభుత్వం శత్రువుల పావురాలను పట్టడానికి మరికొన్ని డేగలకు తర్ఫీదిచ్చింది. యుద్ధం ముగిశాక 1946లో ఒడిశా పోలీసులు సైన్యం ఇచ్చిన పావురాలతో కోరాపుట్‌లో వార్తల విభాగం మొదలుపెట్టారు. తంతి స్తంభాలు లేని కొండల్లోనూ, వరదలు తుపాన్లు వచ్చినప్పుడూ ఆ పక్షులు దశాబ్దాల పాటు కొలువు చేశాయి.

యుద్ధం తర్వాత బ్రిటన్‌లో జరిగిన కథ పావురాల పెంపకందారులు తెలుసుకోవలసింది. 1954లో అక్కడి చట్టం భైరి డేగకు రక్షణ ఇచ్చింది. డేగలు పెరిగిపోయి తమ పావురాలను బతకనివ్వడం లేదని పందెంగాళ్లు సర్కారుకు మొర పెట్టుకున్నారు. ఆ మొర నిజమో కాదో తేల్చడానికి 1961, 62లలో పక్షి శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ ఆధ్వర్యంలో గూళ్లు లెక్కించారు. డేగలు పెరగలేదు సరికదా దారుణంగా తగ్గిపోయాయని తేలింది. పురుగుమందుల వల్ల, ముఖ్యంగా డీడీటీ వల్ల, గుడ్ల పెంకు పలచబడి పొదిగేటప్పుడే పగిలిపోతోందని 1967లో రాట్‌క్లిఫ్ బయటపెట్టాడు. డేగలను చంపనివ్వమని అడిగినవాళ్ల ఫిర్యాదే చివరకు డేగ ప్రాణాన్ని నిలిపింది.

ఆ చైతన్యం నీడలోనే 1972 వచ్చింది. అమెరికా మెక్సికోతో ఒప్పందం చేసుకుని డేగలను, గద్దలను, గుడ్లగూబలను తన వలస పక్షుల చట్టంలో చేర్చుకున్నది ఆ ఏడాదే. మన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అది గట్టి చట్టం. అందులో వేట కిందికి వచ్చేది చంపడం ఒక్కటే కాదు. వల పన్నడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, తరమడం, ఎర చూపడం, గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం అన్నీ దాని కిందికే వస్తాయి. మొదటి షెడ్యూలు జీవి మనిషి ప్రాణానికి ముప్పుగా మారితేనో, తేరుకోలేని గాయమో జబ్బో తగిలితేనో తప్ప చంపడానికి అనుమతి దొరకదు. పావురం పోయింది, పందెం పోయింది, వేల రూపాయలు పోయాయి అంటే ఆ మాట చెల్లదు. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. పదివేల రూపాయలున్న కనీస జరిమానాను 2022 సవరణ పాతిక వేలకు పెంచింది.

ఇదే కాలంలో చెన్నై, బెంగళూరు పట్టణాలు హోమర్ పందేలకు పెద్ద స్థావరాలయ్యాయి. కాలికి రింగు తొడిగి, పావురాలను వందల కిలోమీటర్ల దూరం తీసుకుపోయి వదలడం, తిరిగొచ్చిన ఘడియ గుర్తించి వేగం కట్టడం ఈ పందెం పద్ధతి. చిక్కు కాలంతోనే వచ్చింది. ఎండలు ముదరకముందే పందేలు ముగించాలని పెంపకందారు తొందర. షాహీన్ గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉండేదీ దాదాపు అప్పుడే. గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోయే పావురం మీదికి డేగ మూడు వందలకు పైగా వేగంతో పైనుంచి దూకుతుంది.

కోపం వచ్చినవాళ్లు చట్టాన్ని దాటిన ఉదంతాలు ఉన్నాయి. అమెరికాలో గాలిలో పల్టీలు కొట్టే రోలర్ పావురాలు పెంచేవాళ్లు డేగలను ఉచ్చులు వేసి చంపుతున్నారని 2007లో ప్రభుత్వం రహస్యంగా కూపీ లాగి కేసులు పెట్టింది. దానివల్ల పావురాలకేమీ ఒరగలేదు. ఒక డేగ పోతే ఖాళీ అయిన కొండను మరో డేగ ఆక్రమించుకుంటుంది.

పావురాన్ని నిజంగా కాపాడుతూ వచ్చింది పెంపకందారు నేర్పు. బీజింగు వాళ్లు వెదురుతో, ఆనపకాయ బుర్రతో చేసిన ఈలలను తోకకు కట్టి ఎగరేస్తారు. ఆ మోతకు డేగ బెదురుతుందని వాళ్ల నమ్మకం. కొన్ని దేశాల్లో రెక్కల మీద కళ్ల బొమ్మలు అద్దుతారు. 2005లో అచ్చయిన ఒక పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. నడుము మీద తెల్ల పట్టీ ఉన్న పావురాలు భైరి డేగల నుంచి ఎక్కువగా తప్పించుకుంటున్నాయని కాలిఫోర్నియాలో గమనించారు. ఆ తెల్ల ఈకలు పీకి ముదురు రంగువి అతికిస్తే దొరికిపోయాయి. ముదురు పావురాలకు తెల్లవి అతికిస్తే బతికాయి. పావురం పక్కకు దొర్లిన క్షణంలో ఆ తెలుపు డేగ చూపును మళ్లిస్తుందట. మన గుట్టల పావురాల్లో చాలావాటికి ఆ తెలుపు ఉండదు.

మన మిద్దెల మీద మాత్రం పాత ఉపాయాలే గట్టివి. గూటికి పైనా పక్కలా ఇనుప వల బిగించడం, వచ్చిన పావురం బయట తచ్చాడకుండా లోపలికి దూరేలా ఈలకూ గింజలకూ అలవాటు చేయడం, ఒంటరిగా వదలకుండా గుంపుగా వదలడం, రోజూ ఒకే వేళకు ఎగరేయకపోవడం. వేటు తప్పించుకోవడం నేర్వని పిల్లపావురాలను కొండల పక్క నుంచి వదలకపోవడం. వీటిలో ఏదీ చట్టానికి అడ్డు రాదు.

ఇంకొక మాట. తిరిగిరాని ప్రతి పావురాన్నీ డేగ ఖాతాలో వేయడం సులువు. రామగిరి గుట్టల మీద గాలిమరలున్నాయి, చేల మీదుగా హైటెన్షన్ తీగలున్నాయి, నలభై డిగ్రీలు దాటిన ఎండలో దాహానికి చెరువులో నీళ్లుండవు. దారి తప్పి వేరే గుంపులో కలిసినవీ ఉంటాయి. బ్రిటన్ ప్రభుత్వం వేసిన కార్యవర్గం సైతం 2000 నాటి నివేదికలో పందెం పావురాలు పోవడానికి డేగలు ఒక కారణమే తప్ప ఏకైక కారణం కాదని తేల్చింది. కాబట్టి క్లబ్బులు చేయవలసింది ఒకటుంది. ఎక్కడ వదిలాం, ఏ వేళ, గాలి ఎటు, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ రింగు ఎక్కడ దొరికింది అని పందెం పందేనికీ పద్దు రాసుకోవాలి. గుత్తి కొండ దగ్గర నష్టం ఎక్కువని ఆ పద్దు చెబితే, వదిలే చోటు మార్చుకోవచ్చు, పందేల నెలను ముందుకో వెనక్కో జరపవచ్చు. పద్దు లేకుండా డేగ మీద ఫిర్యాదు చేస్తే అటవీ శాఖ వినదు. వినకపోవడమే సబబు.