బాణం ములికి నుంచి మందు సీసా దాకా

మన ఏజెన్సీలో విల్లంబులు ఇప్పుడు ఇటుకల పండుగ వేటకో, సభల్లో వేదిక అలంకారానికో తప్ప పెద్దగా బయటికి రావడం లేదు. ఒకప్పుడు విల్లు అన్నం పెట్టింది. మనకే కాదు, ఆఫ్రికా అడవి బిడ్డలకూ పెట్టింది. వాళ్ల బాణాల మొనకు పూసిన ఒక తీగ విషం ఎక్కడెక్కడికి వెళ్లిందో, వెళ్లిన దారిలో వాళ్లకు ఏం మిగిలిందో ఈ సంచిక చదివే మనవాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ తీగ పేరు స్ట్రోఫాంథస్. మన గన్నేరు కుటుంబంలోదే. గన్నేరు పప్పు సంగతి తెలిసినవాళ్లకు ఆ ఇంటిపేరు చాలు! ఇందులో పశ్చిమ ఆఫ్రికాకు చెందిన గ్రేటస్ రకాన్ని వేడి దేశాల తోటల్లో అందానికి పెంచుతారు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, మెరిసే ఆకులు, గులాబీ ఛాయ కలిసిన తెల్లని పూలు, మంచి వాసన. గింజల్లో మాత్రం గుండెను ఆపేసే విషం. దీని తోబుట్టువు కొంబే రకం తూర్పు ఆఫ్రికాది. ఆ పూరేకుల చివర్లు పొడుగ్గా తాడులా మెలితిరిగి ఉంటాయి. గింజకు ఈకలాంటి తోక ఉంటుంది, జిల్లేడు గింజలా గాలికి ఎగిరిపోతుంది.

నేటి మలావీలోని షిరే నది లోయలో వేటగాళ్లు ఈ గింజలు నూరి, ముద్దను బాణాలకు పూసేవారు. వాళ్ల బాణం పనితనం చూడాలి. ములికి ఒక చిన్న పుల్లకు బిగించి, ఆ పుల్లను లావు కాడలోకి దూర్చేవారు. జంతువుకు తగలగానే కాడ ఊడి పడిపోతుంది, విషమున్న ముక్క ఒంట్లోనే ఉండిపోతుంది. పొదల్లో పరుగెత్తినా రాలదు. పడిన జంతువు మాంసాన్ని నిశ్చింతగా వండుకు తినేవారు. నెత్తురులో కలిస్తే చంపే విషం, కడుపులోకి వెళ్తే అంతగా ఒంటికి పట్టదని వాళ్లకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1858లో లివింగ్‌స్టన్ నాయకత్వంలో జాంబెజీ నది యాత్ర మొదలైంది. అందులో జాన్ కిర్క్ అనే వైద్యుడు, వృక్ష శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన సేకరించిన విషం, పళ్లు తోముకునే బ్రష్షు ఒకే జేబులో పడ్డాయి. తోముకుంటే చేదు తగిలింది. క్వినైన్ తగిలిందేమో అనుకున్నాడు. కానీ జలుబుతో వేగంగా కొట్టుకుంటున్న నాడి కాసేపటికే నెమ్మదించింది. 1865లో అచ్చయిన యాత్రా గ్రంథంలో ఈ సంగతి ఉంది. పుస్తకాలన్నీ ఈ బ్రష్షు కథనే చెప్పుకుంటాయి, అదేదో కిర్క్ కనిపెట్టినట్టు. అది విషమని చెప్పి ఆయన చేతికిచ్చింది ఎవరు?

అప్పటికి ఆ లోయ పరిస్థితి కూడా చెప్పాలి. బానిసల వేట జోరుగా సాగుతున్న రోజులవి. 1861లో మెడకు కొయ్యలు బిగించి తోలుకుపోతున్న జనాన్ని లివింగ్‌స్టన్ బృందం దారిలో విడిపించింది. తర్వాత రెండేళ్లలో కరవు వచ్చి మంగంజా ఊళ్లు ఊళ్లే పాడుబడ్డాయి. తీగ గుణం తెలిసిన మనుషులు చచ్చిపోతుంటే, గింజలు మాత్రం భద్రంగా ఓడెక్కాయి.

ఎడిన్‌బరోలో థామస్ ఫ్రేజర్ 1870 ప్రాంతంలో వాటిని పరీక్షించి, విషం గుండె కండరం మీద నేరుగా పనిచేస్తుందని చూపాడు. 1885లో బ్రిటిష్ వైద్యుల సభలో దీన్ని గుండె జబ్బుకు మందుగా చెప్పాడు. వెంటనే సీసాల్లో అమ్మకానికి వచ్చింది. అయితే నోటి ద్వారా ఇచ్చారు. ఒకరికి పనిచేసేది, ఇంకొకరికి పనిచేసేది కాదు. 1906లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ ఫ్రెంకెల్ నరంలోకి సూదిమందుగా ఇచ్చిన ఫలితాలు ప్రకటించాకే మందు మీద నమ్మకం కుదిరింది. నెత్తురులో కలవాలి, కడుపులో కాదు అన్నమాట! షిరే లోయలో మాంసం వండుకున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి నేర్చుకోవడానికి యూరప్ వైద్యానికి ఇరవై ఏళ్లు పట్టింది. మొక్కను తీసుకెళ్లారుగానీ దాని వెనుక ఉన్న తెలివిని అడగలేదని నా అభిప్రాయం.

గ్రేటస్ గింజల్లోని విషం పేరు ఔబైన్. సోమాలీల బాణ విషం పేరు నుంచి వచ్చిన మాట ఇది. వాళ్లు వాడింది వేరే చెట్టు, విషం ఒక్కటే. 1888లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆర్నో రెండింటి నుంచీ దాన్ని వేరుచేశాడు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీత నరాల్లో ఒక ఎంజైమ్ కనిపెట్టాడు. కణాల్లోంచి సోడియంను బయటికి తోడే పంపు అదేనని తేల్చుకోవడానికి ఆయనకు ఔబైన్ సాయపడింది. 1997లో ఆయన నోబెల్ అందుకున్నాడు. ఫ్రేజర్, కిర్క్ 'సర్' బిరుదులు పొందారు. వేటగాళ్ల పేర్లు ఎక్కడా లేవు. కొంబే, ఔబైన్ అన్న వాళ్ల రెండు మాటలే మిగిలాయి.

ఇలాంటి తెలివికి వాటా ఇవ్వాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1992లో గానీ రాలేదు. మన దేశంలో జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. అంతకుముందే కేరళ కాణీ ఆదివాసులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' మందు తయారైంది. తయారీ హక్కుకు వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణీల ట్రస్టుకు ఇచ్చారు. ప్రపంచమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. అయినా మమ్మల్ని ముందుగా అడగలేదన్న అసంతృప్తి కాణీ గూడేల్లో కొందరికి ఉండిపోయింది.