రెండు పంక్తుల కథ: పదే పదే వచ్చిన ఒక హెచ్చరిక చరిత్ర

"నాన్నా, పులి!" అని అరచిన పిల్లవాని కథ తెలియని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. పులి రానప్పుడు వాడు ఊరకే అరచెను. నిజముగా వచ్చిననాడు ఎవరును కదలలేదు. ఆ కథలో తప్పు అరచినవానిది. కంప్యూటర్ల చరిత్రలో ఇందుకు భిన్నమైన సంఘటన ఒకటి కలదు. అందులో హెచ్చరిక చేసినది మనిషి కాదు, ఒక సాధనము. అది చెప్పిన మాట ప్రతిసారియు నిజమే. అయినను ఒకే మాటను మరల మరల చెప్పుచుండుటచే విన్నవారు విసిగిరి. దాని నోరు కట్టుటకై రెండు పంక్తులను తీసివేసిరి. అందులో ఒకటి తీసివేయదగినదే. రెండవదానిని తీసివేయుటచే ఎన్నో కంప్యూటర్ల రహస్యపు తాళములు ఇంచుమించు రెండు సంవత్సరముల కాలము పేరుకు మాత్రమే తాళములై ఉండెను.

ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకు మరియొక ప్రోగ్రామును వాడవచ్చునను ఆలోచన పాతదే. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన స్టీఫెన్ జాన్సన్ "లింట్" అను సాధనమును వ్రాసి, 1978లో దానిని గూర్చి ఒక పత్రమును వెలువరించెను. బట్టలకు అంటుకొను నూలుపోగులను ఇంగ్లీషులో లింట్ అందురు. సి భాషలో వ్రాసిన ప్రోగ్రామునకు అంటుకొనియున్న అనుమానాస్పదమైన సంగతులను ఏరి చూపుట దీని పని. ఏరుటలో ఇది కొంత అతిగా పోవుచుండెను. కావున నోరు మూయించు ఉపాయమును కూడ జాన్సన్ అప్పుడే ఏర్పరచెను. "ఇచ్చటికి ప్రోగ్రాము ఎన్నడును రాదు" అను అర్థము గల మాటను ప్రోగ్రాములోనే వ్యాఖ్యగా వ్రాసినచో, ఆ చోటును గూర్చి లింట్ ఫిర్యాదు చేయదు. హెచ్చరించు సాధనమును, హెచ్చరికను అణచు పద్ధతియు కవలపిల్లలవలె కలిసి పుట్టినవని దీనివలన తెలియుచున్నది.

లింట్ ప్రోగ్రామును చదువునే కాని నడిపి చూడదు. నడుచునప్పుడు మాత్రమే బయటపడు తప్పులు వేరుగ కలవు. వానిలో ఒక జాతిని ఇక్కడ వివరింపవలెను. తరగతి గదిలోని నల్లబల్లను తలచుకొనుడు. చరిత్ర పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు బల్ల తుడువకయే వెళ్లిపోయెను. తరువాత లెక్కల ఉపాధ్యాయుడు వచ్చి, బల్లమీద మిగిలియున్న 1857 అను అంకెను తన లెక్కలోనిదే అనుకొని కూడికలో చేర్చుకొనినచో ఏమగును? కంప్యూటరు మెమొరీయు ఇట్టి బల్లయే. ఒక పనికి వాడిన చోటును యంత్రము తుడువకుండ మరియొక పనికి ఇచ్చుచుండును. ప్రోగ్రాము వ్రాసినవాడు ఆ చోటున తన విలువను వ్రాయక మునుపే దానిని చదివినచో, పాత సున్నపు గీతలు లెక్కలోనికి వచ్చును. ఒకనాడు అక్కడ సున్న ఉండవచ్చును, జవాబు సరిగానే రావచ్చును. మరునాడు రాదు. ఇట్టి తప్పును కంటితో పట్టుట మహా కష్టము.

దీనిని పట్టుటకు మొదట పేరుపొందిన సాధనము "ప్యూరిఫై". రీడ్ హేస్టింగ్స్, బాబ్ జాయిస్ అనువారు 1992లో జరిగిన యూసెనిక్స్ సమావేశములో దానిని వివరించిరి. (ఈ హేస్టింగ్సే 1997లో నెట్‌ఫ్లిక్స్ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకడు.) మెమొరీలోని ప్రతి బైటునకు ఒక గుర్తు ఉంచి, అది ఎవరికిని కేటాయింపబడనిదా, కేటాయింపబడియు ఏమియు వ్రాయబడనిదా, వ్రాయబడినదా అని ప్యూరిఫై లెక్క ఉంచును.

పిమ్మట 2002లో జూలియన్ సీవర్డ్ "వాల్‌గ్రిండ్" అను సాధనమును విడుదల చేసెను. దీని మూలము అందరికిని ఉచితముగా లభించును. ఉత్తర ఐరోపా పురాణములలో వీరస్వర్గమునకు గల ద్వారము పేరే దీనికి పెట్టబడినది. దీనిలో మెమొరీని పరీక్షించు భాగము బైటుతో తృప్తిపడదు. ఒక్కొక్క బిట్టునకు ఒక్కొక్క నీడబిట్టును ఉంచి, అందలి విలువ నమ్మదగినదా కాదా అని కనిపెట్టుచుండును. ఇంత కాపలాకు మూల్యము లేకపోలేదు. దీని క్రింద ప్రోగ్రాము సుమారు 20 మొదలు 30 రెట్లు మెల్లగా నడచును. తుడువని బల్లమీది అంకెను ఒకచోటినుండి మరియొక చోటికి ఎత్తి వ్రాసినంత మాత్రమున ఇది కేక వేయదు. ఆ అంకె వేరొకదానితో కలిసినచో ఫలితమును కూడ నమ్మరానిదిగా గుర్తుపెట్టుకొని ఊరకుండును. ఆ ఫలితమును బట్టి ప్రోగ్రాము "ఇటు పోదునా, అటు పోదునా" అని నిర్ణయించుకొను తావున హెచ్చరిక చేయును. ఈ సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. తప్పు పుట్టిన చోటు ఒకటి, కేక వినబడు చోటు మరియొకటి.

ఇప్పుడు 600 మంది విద్యార్థుల మార్కులు కూడు ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. మొత్తమును మొదట సున్న చేయుట మరచిపోయినారు. మొత్తము 35 కంటె తక్కువయా అని పరీక్షించు పంక్తి ఒక్కటే; అయినను అది 600 మార్లు నడచును. ప్రతి మారును హెచ్చరిక ముద్రించినచో తెరమీద ఇంకేమియు కనబడదు. సీవర్డ్, ఆయన సహచరులు దీనికి చేసిన ఏర్పాటు ముచ్చటైనది. హెచ్చరిక ఏ జాతిదో, ఏ ఫంక్షనును ఏ ఫంక్షన్ పిలువగా అది పుట్టినదో సాధనము చూచును. ఆ పిలుపుల వరుసలో పై నాలుగు మెట్లు మునుపటి హెచ్చరికతో సరిపోయినచో క్రొత్తది కాదని తలచి, ముద్రింపక, లెక్కలో మాత్రము ఒకటి కలుపుకొనును. వేరు వేరు హెచ్చరికలు 100 దాటినచో రెండు మెట్లే పోల్చును. అనగా ఇంకను ఎక్కువ వానిని ఒకే జాతిగా కట్టివేయును. వేరు వేరు తప్పులు 1,000 అయినను, మొత్తము 1,00,00,000 అయినను ఇక చెప్పుట మానివేయును. అప్పుడు వచ్చు చివరి సందేశములో, ముందు నీ ప్రోగ్రామును బాగుచేసికొమ్మను మందలింపు కూడ ఉన్నది. విసుగుపడిన యంత్రమును చూడవలెనన్న ఇక్కడ చూడవచ్చును.

మరియొక చిక్కు కలదు. తప్పు నీ ప్రోగ్రాములో కాక, నీవు వాడుకొను ఇతరుల లైబ్రరీలో ఉన్నచో నీవేమి చేయగలవు? దీనికై వాల్‌గ్రిండ్ ఒక "అణచివేత పట్టిక"ను చదువును. ఫలానా జాతి హెచ్చరిక, ఫలానా ఫంక్షన్ల వరుసలో వచ్చినచో చెప్పవద్దు అని అందులో వ్రాయవచ్చును. అట్టి వాక్యమును చేతితో వ్రాయనక్కరలేదు. కోరినచో ఒక్కొక్క హెచ్చరిక పిమ్మట సాధనమే వ్రాసి ఇచ్చును. అయితే అణచినవానిని అది మరచిపోదు. చివర ఇచ్చు మొత్తములో ఇన్ని తప్పులు, ఇన్ని అణచబడినవి అని వేరుగ చూపును. మాట వినబడదు, లెక్క మిగులును.

ఇక అసలు కథకు వత్తము. ఇంటర్నెట్టులో రహస్యముగా మాటాడుకొనుటకు ఎన్నో ప్రోగ్రాములు వాడు లైబ్రరీ "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్". రహస్యపు తాళపుచెవిని తయారుచేయవలెనన్న ఎవరును ఊహింపలేని సంఖ్యలు, అనగా యాదృచ్ఛిక సంఖ్యలు కావలెను. వీనిని ఈ లైబ్రరీ పుట్టించు విధమును ఒక కుండతో పోల్చవచ్చును. ఒక ఫంక్షన్ బయటినుండి గిన్నెలతో వచ్చు ఊహింపరాని బిట్లను కుండలో పోసి చిలుకును. మరియొక ఫంక్షన్ అడిగినవారి గిన్నెలోనికి కుండనుండి సంఖ్యలను తోడి ఇచ్చును. మొదటి ఫంక్షన్‌లో "గిన్నెలో ఉన్నది కుండలో కలుపుము" అను పంక్తి ఒకటి ఉన్నది. అదియే దాని ప్రాణము. రెండవ ఫంక్షన్‌లోను అక్షరము పొల్లుపోకుండ అదే పంక్తి ఉన్నది. కాని ఇక్కడి గిన్నె నింపుటకై వచ్చిన ఖాళీ గిన్నె. అందులో ఏదైన మడ్డి మిగిలియున్నచో అదియు కుండలో కలియనిమ్ము, నష్టము లేదు కదా అని వ్రాసినవారి ఉద్దేశము. లేకున్నను కుండకు లోటు లేదు.

ఆ మడ్డియే వాల్‌గ్రిండ్ దృష్టిలో తుడువని నల్లబల్ల. అది కుండలో కలిసిన మరుక్షణమున కుండంతయు నమ్మరానిదగును. అందుండి తోడిన ప్రతి సంఖ్యయు, ఆ సంఖ్యతో చేసిన ప్రతి పనియు అట్లే అగును. మొదటి పంక్తివద్దకు కూడ అప్పుడప్పుడు పూర్తిగా నింపని గిన్నెలు వచ్చుచుండెను. అందుచే ఈ లైబ్రరీని వాడు ప్రోగ్రామును పరీక్షించినప్పుడెల్ల సందుసందునను హెచ్చరికలు లేచెను. అవి వేరు వేరు చోట్ల లేచుటచే, ఒకే తప్పును ఒకేమారు చెప్పు ఏర్పాటు కూడ ఇక్కడ పనికి రాలేదు. తన ప్రోగ్రాములోని అసలు తప్పును వెదకువానికి ఇది గడ్డివాములో సూది వెదకుటయే.

డెబియన్ అను లినక్స్ సంకలనములో ఈ లైబ్రరీని చూచుకొనువారికి 2006 ఏప్రిల్‌లో ఈ ఫిర్యాదు అందెను. మే నెలలో, ఈ రెండు పంక్తులను తీసివేయవచ్చునా అని లైబ్రరీ రచయితల బృందమునకు ఈ-లేఖ వ్రాసి అడిగిరి కూడ. తప్పులు వెదకుటకు తోడ్పడునట్లయిన తీసివేయుట మంచిదే అను భావముతో జవాబు వచ్చెను. రెండు పంక్తులును పోయెను. ఆ మార్పుతో కూడిన లైబ్రరీ సెప్టెంబరులో వెలువడి, 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0 సంచికలోనికి, దానిపై ఆధారపడిన ఉబుంటు లోనికిని ప్రవేశించెను.

తప్పు ఎవరిదని ఒకరివైపు వ్రేలు చూపుట సులభము. కాని మూలములోని ఆ పంక్తులను చూడుడు. రెండవదాని ప్రక్కన, ప్యూరిఫై ఫిర్యాదు చేయుచున్నదను అర్థము గల వ్యాఖ్య ఉన్నది. ప్యూరిఫైతో పరీక్షించువారు దానిని వదలివేయుటకు వీలును కల్పింపబడినది. పంక్తి ఏమి చేయుచున్నదో మాత్రము ఎవరును వ్రాయలేదు. మొదటిదాని ప్రక్కన ఆ కొద్దిపాటి వ్యాఖ్యయు లేదు. కవలలలో ఒకడు అల్లరివాడని తెలిసి, రూపము చూచి ఇద్దరిని బయటికి పంపినట్లయినది.

ఫలితమేమి? కుండలోనికి బయటి పదార్థము పోయబడుట ఆగిపోయెను. చిలుకుట మాత్రము సాగుచుండెను. సంఖ్యలు చూచుటకు యాదృచ్ఛికములుగానే ఉండెను. కాని వానిని మార్చుటకు మిగిలినది ఒక్కటే: నడచు ప్రతి ప్రోగ్రామునకు లినక్స్ ఇచ్చు వరుససంఖ్య. ఆనాడు అది సాధారణముగా 32,767కు మించకుండెను. కావున ఒక జాతి యంత్రముపై, ఒక రకము, ఒక పొడవు గల తాళపుచెవులు ఎన్ని తయారుచేసినను అవి 32,767లో ఒకటి కావలసినదే. 2,048 బిట్ల చెవియైనను అంతే. అన్నిటిని ముందుగా తయారుచేసి పెట్టుకొని ఒక్కొక్కటి ప్రయత్నించుట సామాన్యమైన కంప్యూటరునకు కూడ పెద్దపని కాదు. వాల్‌గ్రిండ్ మాత్రము ఇప్పుడు ఏ ఫిర్యాదును చేయలేదు. దానికి తెలిసినంతవరకు కుండ శుభ్రముగా ఉన్నది. ఖాళీగా ఉన్నదని చెప్పుట దాని పని కాదు.

లూచియానో బెల్లో ఈ లోపమును కనుగొనెను. 2008 మే 13న డెబియన్ ప్రకటన వెలువరించి, ఆ తాళపుచెవులన్నిటిని పారవేసి క్రొత్తవి చేసికొనవలసినదని కోరెను. డి.ఎస్.ఏ. పద్ధతి చెవుల విషయము ఇంకను విడ్డూరము. ఆ పద్ధతిలో సంతకము చేసిన ప్రతిసారియు ఒక రహస్యసంఖ్య కావలెను. అందుచే చెవి మంచి యంత్రముపై తయారైనదైనను, లోపము గల యంత్రముపై సంతకమునకు వాడియున్నచో దానిని కూడ వదలుకొనవలసి వచ్చెను. కొద్దిరోజులలోనే బలహీనమైన చెవుల పట్టికలు బహిరంగముగా వెలువడెను. నిషిద్ధమైన చెవుల జాబితాలు డెబియన్, ఉబుంటులతో పాటు పంపబడెను.

సాధనములు చేయువారు కూడ ఊరకుండలేదు. కేక వినబడిన చోటే కాక, తుడువని విలువ మొదట పుట్టిన చోటును కూడ చూపు ఏర్పాటు 2009 జనవరిలో వచ్చిన వాల్‌గ్రిండ్ 3.4.0లో చేర్చబడెను. 2012లో గూగుల్ ఉద్యోగులు వివరించిన "అడ్రస్ శానిటైజర్" వేరొక మార్గమును త్రొక్కినది. మొదటి తప్పు కనబడగనే ప్రోగ్రామును అక్కడికక్కడ నిలిపివేయుట దాని సాధారణ పద్ధతి. రెండవ హెచ్చరికయే రాదు కనుక విసుగునకు తావులేదు. తప్పు దిద్దిన తరువాతనే ముందునకు సాగుట. ఇది కఠినమే. వేలకొలది పాత తప్పులతో కూడిన ప్రోగ్రామును చేతికి తీసికొనినవానికి వాల్‌గ్రిండ్ లెక్కయే హాయి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించు భాగము 2018లో వెలువడిన 1.1.1 సంచికకై తిరిగి వ్రాయబడెను. తాళపుచెవులు మాత్రము అంత త్వరగా పోలేదు. 2015లో గిట్‌హబ్‌లో సభ్యులు ఉంచిన చెవులను పరిశీలింపగా ఆ 32,767 జాతికి చెందినవి ఇంకను వాడుకలో కనబడెను. 2024లో ఈ-లేఖలపై సంతకము చేయుటకు కొన్ని సంస్థలు వాడుచున్న చెవులలో కూడ అవియే దొరికెను.