వాన్నాక్రై సైబర్ దాడి

వాన్నాక్రై 2017 మే 12, శుక్రవారం నాడు బయటపడిన హానికర ప్రోగ్రామ్. యూరోపోల్ లెక్క ప్రకారం ఆ వారాంతం గడిచేలోపే కనీసం 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. కంప్యూటర్‌లోని ఫైళ్లను సొంతదారే తెరవలేకుండా చేసి, తిరిగి కావాలంటే డబ్బు కట్టమనే రాన్సమ్‌వేర్ జాతికి ఇది చెందుతుంది. ఆ జాతిలో అంతకుముందు వచ్చినవి చాలావరకు ఎవరో ఒకరు ఈమెయిల్‌లోని అటాచ్‌మెంట్‌ను తెరిస్తేనే లోపలికి వచ్చేవి. వాన్నాక్రైకి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో చేరితే చాలు, నెట్‌వర్క్‌లో ఉన్న మిగతావాటిని తానే వెతుక్కుంటూ పాకిపోయేది. ఇలా సొంతంగా వ్యాపించేవాటిని వార్మ్ అంటారు. అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే 59 రోజుల ముందే విడుదల చేసింది. ఈ దాడిని అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

నేపథ్యం

ఒకే నెట్‌వర్క్‌లోని విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ అనే పద్ధతిని వాడతాయి. దాని మొదటి వెర్షన్ 1980ల నాటిది. అందులోని ఒక లోపాన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ పసిగట్టి, చాలాకాలం మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా దాచుకుని, ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడే సాధనంగా మలుచుకుంది. దాని పేరు ఎటర్నల్‌బ్లూ. తమను షాడో బ్రోకర్స్ అని చెప్పుకున్న గుర్తుతెలియని ముఠా ఎన్ఎస్ఏ సాధనాలను చేజిక్కించుకుని, 2016 ఆగస్టు నుంచి విడతలుగా బయటపెట్టసాగింది. 2017 ఏప్రిల్ 14న ఎటర్నల్‌బ్లూ కూడా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. నెల తిరక్కుండానే అది వాన్నాక్రైలో తేలింది.

కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని తెలిసీ ఒక ప్రభుత్వం దాన్ని ఆయుధంగా దాచిపెట్టుకోవడం తప్పు. ఆ ఆయుధం ఏదో ఒకరోజు పరుల చేతికి చిక్కితే దెబ్బ తినేది ఆ లోపం సంగతే తెలియని సామాన్యులు. మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ దాడి జరిగిన రెండు రోజులకే ఈ మాట బహిరంగంగా అన్నారు. సైన్యం దగ్గరున్న టోమహాక్ క్షిపణులు దొంగల పాలైతే ఎంత ప్రమాదమో ఇదీ అంతేనన్నది ఆయన వాదన.

పనిచేసిన తీరు

వాన్నాక్రై ఇంటర్నెట్‌లోనూ, స్థానిక నెట్‌వర్క్‌లోనూ ఎస్ఎంబీ వాడే 445 నంబరు పోర్టు తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం గాలించేది. ప్యాచ్ వేయనిది దొరికితే ఎటర్నల్‌బ్లూతో లోపలికి దూరి, పత్రాలు, ఫొటోలు, డేటాబేస్‌లు అన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే కీ లేకుండా చదవలేని సంకేతాలుగా మార్చేసేది. తర్వాత తెర మీద ఎర్రటి పెట్టె ప్రత్యక్షమయ్యేది. 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ పంపాలనీ, 3 రోజులు దాటితే అది 600 డాలర్లు అవుతుందనీ, 7 రోజులు దాటితే ఫైళ్లు ఇక దక్కవనీ అందులో ఉండేది. ఆ బెదిరింపు 28 భాషల్లో రాసి ఉంది. వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు.

డబ్బు కట్టినవాళ్లకూ భరోసా లేదు. చెల్లింపులన్నీ 3 బిట్‌కాయిన్ ఖాతాలకే చేరేవి. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో తేల్చే ఏర్పాటు ప్రోగ్రామ్‌లో సరిగా లేదు. అంత అలజడి రేపినా ఆ ఖాతాల్లో మొత్తం జమ అయింది సుమారు 1,40,000 డాలర్లే.

బ్రిటన్ ఆసుపత్రులు

స్పెయిన్‌లో టెలికాం సంస్థ టెలిఫోనికా, ఫ్రాన్స్‌లో కార్ల సంస్థ రెనో, జర్మనీ రైల్వే స్టేషన్ల సమాచార బోర్డులు, రష్యా హోంశాఖ కంప్యూటర్లు దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. రోగుల వైద్యానికి పెద్ద ఎత్తున ఆటంకం కలిగింది మాత్రం బ్రిటన్‌లో. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌కు ఇంగ్లండ్‌లో ఉన్న 236 ట్రస్టుల్లో (ఆసుపత్రులు, వైద్యసేవలు నడిపే సంస్థల్లో) కనీసం 80 దీని ప్రభావానికి లోనయ్యాయి. 595 ప్రాథమిక వైద్యుల క్లినిక్‌లకూ సోకింది. రోగుల రికార్డులు తెరుచుకోలేదు, కొన్ని ఎంఆర్ఐ స్కానర్లు ఆగిపోయాయి. 5 ప్రాంతాల్లో అత్యవసర రోగులను వేరే ఆసుపత్రులకు మళ్లించాల్సి వచ్చింది. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19,000కు పైగా ఉంటాయని అంచనా.

ఆ ఏడాది అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. ప్యాచ్ వేసుకోమని మార్చిలోనూ ఏప్రిల్‌లోనూ ఆసుపత్రులకు హెచ్చరికలు వెళ్లాయి. దాడికి ముందు 88 ట్రస్టుల్లో సైబర్ భద్రతను తనిఖీ చేస్తే ఒక్కటీ గట్టెక్కలేదు. ఇందులో నర్సుల తప్పు, గుమస్తాల తప్పు ఏమీ లేదు. స్కానర్‌కు జతచేసిన కంప్యూటర్‌లో ఏం మార్చాలన్నా దాని తయారీదారు ఒప్పుకోవాలి. పాత యంత్రాలు మార్చాలంటే నిధులు కావాలి. రోగులు వస్తూనే ఉంటే కంప్యూటర్లు ఆపి అప్‌డేట్ చేసే తీరిక దొరకదు. భద్రతకు డబ్బూ సమయమూ కేటాయించాల్సినవాళ్లు కేటాయించకపోతే కింది ఉద్యోగి ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

దాడి ఆగిన వైనం

బ్రిటన్‌లోని డెవన్ తీరంలో ఉండే 22 ఏళ్ల భద్రతా పరిశోధకుడు మార్కస్ హచిన్స్ దాడి మొదలైన రోజున వాన్నాక్రై నమూనాను పరిశీలిస్తూ ఒక వింత గమనించాడు. ఫైళ్ల జోలికి వెళ్లే ముందు అది అర్థంపర్థం లేని అక్షరాలతో కూడిన ఒక వెబ్ చిరునామాను పలకరిస్తోంది. ఆ చిరునామాను ఎవరూ తీసుకోలేదు. హ్యాకర్లు వాడే చిరునామాలను సొంతం చేసుకుని రాకపోకలు గమనించడం అతని వృత్తిలో మామూలే కనుక, పది డాలర్ల చిల్లరకు దాన్ని రిజిస్టర్ చేశాడు. అటువైపు నుంచి జవాబు వస్తే వాన్నాక్రై తన పని మానుకుంటుందని ఆ తర్వాతే తేలింది. అలా ప్రపంచవ్యాప్తంగా దాని ఉరవడి ఒక్కసారిగా తగ్గింది. ప్రమాదకరమైనదని భావించి ఆ చిరునామాను ఫైర్‌వాల్‌లో నిరోధిస్తే మాత్రం జవాబు అందక ప్రోగ్రామ్ విజృంభించేది. అందుకే దాన్ని నిరోధించవద్దని నిపుణులు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

అంతకు కొన్నేళ్ల ముందు క్రోనోస్ అనే బ్యాంకింగ్ మాల్‌వేర్ తయారీలో పాలుపంచుకున్నందుకు హచిన్స్‌ను 2017 ఆగస్టులోనే అమెరికాలో అరెస్టు చేశారు. అతను నేరం ఒప్పుకున్నాడు. 2019లో న్యాయమూర్తి అతనికి అదనపు జైలుశిక్ష వేయకుండా వదిలిపెట్టారు.

దాడి వెనుక ఉత్తర కొరియా ఉందని 2017 డిసెంబరులో అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. 2018 సెప్టెంబరులో పార్క్ జిన్ హ్యోక్ అనే ఉత్తర కొరియా ప్రోగ్రామర్‌పై అమెరికా న్యాయశాఖ అభియోగాలు బయటపెట్టింది. 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు కొల్లగొట్టిన ముఠాలోనూ అతను ఉన్నాడన్నది ఆ అభియోగాల్లో ఒకటి. ఉత్తర కొరియా వీటిని ఖండించింది.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. కేరళలో పంచాయతీ కార్యాలయాలకు, పశ్చిమ బెంగాల్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలకు సోకింది. అప్‌డేట్లు అందని పాత విండోస్, లైసెన్సు లేని నకలు విండోస్ మన కార్యాలయాల్లోనూ నెట్ సెంటర్లలోనూ విరివిగా ఉండటం ఇలాంటి దాడులకు అనువైన నేల.

మన ఆసుపత్రులకూ ఆ గండం తప్పలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో వేరే రాన్సమ్‌వేర్ దాడికి 5 సర్వర్లలోని 1.3 టెరాబైట్ల సమాచారం చిక్కింది. కొన్నాళ్లపాటు ఓపీ చీటీల నుంచి పరీక్షల ఫలితాల దాకా చేత్తో రాసుకున్నారు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం వల్లే హ్యాకర్లు లోపలికి రాగలిగారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగలడంతో ఈ-హాస్పిటల్ సమాచారం మొత్తం తిరిగి దక్కింది.

రక్షణ

అప్‌డేట్‌ను వాయిదా వేయకపోవడం మొదటి రక్షణ. మే 12 నాటికి మార్చి ప్యాచ్ వేసి ఉన్న కంప్యూటర్‌లోకి ఎటర్నల్‌బ్లూ దూరలేదు. సోకినవాటిలో అత్యధికం విండోస్ 7వి. వాటికి ప్యాచ్ సిద్ధంగానే ఉంది, వేయలేదంతే. మద్దతు ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ దాడి తర్వాత హడావుడిగా ప్యాచ్ ఇచ్చింది కానీ, ప్రతిసారీ అలా ఇస్తుందని నమ్ముకోలేం. కంపెనీ మద్దతు ముగిసిన కంప్యూటర్‌ను మార్చలేని పరిస్థితి ఉంటే కనీసం ఇంటర్నెట్ నుంచి తప్పించాలి. పాత ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను ఆపేయాలి, 445 పోర్టును బయటి ప్రపంచానికి మూసేయాలి.

రెండోది బ్యాకప్. దీన్ని ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ విఫలమైన రోజున ఆదుకునేది ఇదొక్కటే. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడం బీరువా తాళం చెవిని బీరువాకే వేలాడదీయడం లాంటిది. రాన్సమ్‌వేర్ దాన్ని కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కాపీ తీశాక డిస్కును విడదీసి వేరేచోట పెట్టాలి. అందులోంచి ఫైళ్లు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడూ తెరిచి చూడాలి. చిన్న దుకాణం, కోచింగ్ సెంటర్, ఫొటో స్టూడియో నడిపేవాళ్లు కూడా చేసుకోగల పని ఇది.

సంస్థలు ఒక విభాగంలో పుట్టిన నిప్పు మరో విభాగానికి అంటకుండా నెట్‌వర్క్‌ను భాగాలుగా విడగొట్టుకోవాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడకూడదు. పాస్‌వర్డ్‌కు తోడు రెండో అంచె ధ్రువీకరణ ఉండాలి. తెలియని లింకులు తెరవకపోవడం ఎప్పుడూ మంచిదే, అయితే వాన్నాక్రై లాంటిదాన్ని ఆ ఒక్క జాగ్రత్త ఆపలేదు.

సోకిందని తెలియగానే నెట్‌వర్క్ తీగ పీకేయాలి, వైఫై ఆపాలి. కంగారులో రీస్టార్ట్ చేయకూడదు. అడ్రియన్ గీనె, బెంజమిన్ డెల్పీ అనే ఫ్రెంచి నిపుణులు వారం రోజుల్లోనే వాన్నాక్రై ఎన్‌క్రిప్షన్ కీని కంప్యూటర్ మెమరీలోంచి వెలికితీసే సాధనాలు తయారు చేశారు. రీస్టార్ట్ చేయని కొన్ని పాత విండోస్ యంత్రాల్లోనే అవి పనిచేశాయి. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ ద్వారా చాలా రకాల రాన్సమ్‌వేర్‌లకు విరుగుడు ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బు కట్టే ముందు అక్కడ వెతకడం మేలు.

మన దేశంలో ఇలాంటి చొరబాటు ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు దాడిని గుర్తించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి; ఇతర సైబర్ నేరాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.