కాఫీ - విద్యార్థులలో ఆందోళన

కాఫీలోని కెఫీన్ అనే ఉత్తేజక పదార్థము మోతాదు మించినపుడు గుండెదడ, వణుకు, కంగారు, నిద్రలేమి కలుగుతాయి. మానసిక ఆందోళన లక్షణాలు కూడా ఇవే. పరీక్షల కాలంలో రాత్రులు మేలుకొని చదివే విశ్వవిద్యాలయ విద్యార్థులలో ఈ రెండూ తరచుగా కలిసి కనిపిస్తాయి. అందువలన ఏది కారణమో, ఏది ఫలితమో గుర్తించడం కష్టము.

కెఫీన్ పనిచేసే విధానం

1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రూంగె కాఫీ గింజల నుండి కెఫీన్‌ను వేరుచేశాడు. మనిషి మేలుకొని ఉన్నంతసేపు మెదడులో ఎడినోసిన్ అనే పదార్థము పోగవుతుంది. ఇది నాడీకణాలపై గల గ్రాహకాలను చేరినపుడు నిద్రమత్తు వస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ఆక్రమించి ఎడినోసిన్‌ను అడ్డుకుంటుంది. దీనివలన అలసట తెలియకుండా పోతుంది గాని తీరదు. ఎడ్రినలిన్ విడుదల కూడా పెరుగుతుంది. రక్తంలోని కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దలలో సుమారు 5 గంటలు పడుతుంది. ఈ వ్యవధి మనిషిని బట్టి మారుతుంది.

పరిశోధనలు

1974లో అమెరికా మానసిక వైద్యుడు జాన్ గ్రెడెన్, అధిక కెఫీన్ వలన కలిగే లక్షణాలను ఆందోళన రుగ్మతగా పొరబడే అవకాశం ఉందని తెలిపాడు. 1981లో గిలిలాండ్, ఆండ్రెస్ అనే పరిశోధకులు అమెరికాలోని కళాశాల విద్యార్థులను పరిశీలించారు. కెఫీన్ తీసుకోని వారికంటే మధ్యస్థంగా, అధికంగా తీసుకొనేవారిలో ఆందోళన ఎక్కువగా ఉన్నట్లు, అధికంగా తీసుకొనేవారు చదువులో వెనుకబడినట్లు గమనించారు. అయితే ఇటువంటి పరిశీలన కాఫీయే కారణమని నిరూపించదు. ఆందోళనతో నిద్రపట్టని విద్యార్థి మరునాటి మగతను పోగొట్టుకొనడానికి మరింత కాఫీ త్రాగవచ్చు. 2013లో ప్రచురితమైన మరొక ప్రయోగంలో, పడుకొనడానికి 6 గంటల ముందు తీసుకొన్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించింది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎమ్.-5 గ్రంథంలో కెఫీన్ వలన కలిగే ఆందోళన రుగ్మతను ప్రత్యేకంగా పేర్కొన్నారు. పానిక్ రుగ్మత ఉన్నవారిలో అధిక మోతాదు కెఫీన్ భయావేశాన్ని కలిగించగలదు.

మోతాదు

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400, ఒకేసారి 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ సురక్షితమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ప్రకటించింది. గర్భిణులకు ఈ పరిమితి రోజుకు 200 మిల్లీగ్రాములే. 240 మిల్లీలీటర్ల పాలు కలపని డికాక్షన్ కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాములు ఉండవచ్చు. రోబస్టా గింజలలో కెఫీన్, అరకు ప్రాంతంలో పండే అరబికా గింజలలో కంటే దాదాపు రెట్టింపు. దక్షిణ భారతదేశంలో ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీలో కెఫీన్ ఉండదు. లెక్కించేటపుడు టీ, కోలా, ఎనర్జీ డ్రింకులను కూడా చేర్చుకోవాలి.

అలవాటు తగ్గించుకొనడం

కాఫీని హఠాత్తుగా మానితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, నీరసం, చిరాకు మొదలై కొన్ని రోజులు ఉండవచ్చు. కనుక పరీక్షల ముందురోజు మానడం కంటే, కొన్ని వారాల ముందు నుండి క్రమంగా తగ్గించడం మేలు. కాఫీ తగ్గించిన తరువాత కూడా ఆందోళన కొనసాగితే వైద్యుని సంప్రదించాలి.

ఇవి కూడా చూడండి

కెఫీన్
కాఫీ
నిద్రలేమి
అరకు లోయ