ఇసుక కాచిన సరస్సు

సూళ్లూరుపేట నుండి తూర్పుగా శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును అడ్డముగా దాటుచున్నది. శీతకాలమున ఆ బాటమీద నిలిచినవారికి మోకాటిలోతు నీటిలో రాజహంసలు బారులు తీరి కన్పట్టును. చూడవచ్చినవారిలో పెక్కురు పక్షులను చూచి, కెమెరాలు సర్దుకొని మరలిపోవుదురు. మేము పక్షులకంటె ముందుగా ఇసుకను గూర్చి చెప్పదలచినాము. ఈ చోటి చరిత్రకు సూత్రధారి ఇసుకయే.

సముద్రమునకును సరస్సునకును నడుమ ఉత్తర దక్షిణములుగా పరచుకొన్న పొడవైన ఇసుకమేట శ్రీహరికోట దీవి. దక్షిణమున పులికాటు ఊరి చెంతను, ఉత్తరమున రాయదొరువు వద్దను కడలిలోనికి ముఖద్వారములు కలవు. కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెచ్చును. పోటు ఉప్పునీరు తెచ్చును. అలలు ఇసుక తెచ్చి వాకిలి మూయజూచును. పెద్ద ఓడలు లోనికి రాజాలవు. చిన్న పడవలకు మాత్రము ఇది చక్కని ఆశ్రయము.

ఈ సగము రేవునకే ఎంత పోరాటము జరిగినదో! 1610లో డచ్చివారు వేంకటపతి రాయల అనుమతి పొంది పులికాటున వర్తకశాల పెట్టిరి. 1612లో పోర్చుగీసువారు దానిని నాశనము చేసిరి. మరుసటి యేట గెల్డ్రియా కోట వెలసెను. ఓడలు దూరమున లంగరు వేసి నిలువగా పడవలు సరకు మోసెడివి. అద్దకపు బట్టలు, రంగుల చేతిరుమాళ్లు తూర్పు దీవులకు పోయెను. మనుష్యులును పోయిరి. యుద్ధములవలనను కరవులవలనను అమ్ముడుపోయిన వారిని దాసులుగా బటేవియాకు ఎక్కించిన రేవులలో ఇదియు నొకటి. డచ్చివారి శ్మశానపు వాకిట చెక్కిన అస్థిపంజరములను యాత్రికులు నేటికిని వింతగా చూతురు. ఆ దాసుల పేరు చెప్పు రాయి ఒక్కటియు మాకు అచట కన్పట్టలేదు.

ఆంగ్లేయులును 1621లో పులికాటున డచ్చివారితో పొత్తు కలిసి, పొసగక వెడలిపోయిరి. 1626లో ఉత్తరమున దుగరాజపట్నము వద్ద స్థావరము కట్టుకొని దానిని ఆర్మగాన్ అనిరి. తమకు తోడ్పడిన ఆర్ముగ మొదలియారు పేరే వారి నోట అట్లు మారినదందురు. అచటను వర్తకము సాగలేదు. అచటి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణముగా పోయి చెన్నపట్నపు స్థలము సంపాదించెను. అంతటి మహానగరము పుట్టుటకు దుగరాజపట్నము చాలకపోవుటయే కొంత కారణమన్నచో అతిశయోక్తి కాదు.

ఆ నగరమునకు పొయ్యి రాజేయుటకు మరల ఈ దీవియే దిక్కాయెను. శ్రీహరికోట అడవికట్టెలు బకింగ్‌హాం కాలువమీద పడవలలో చెన్నపట్నము చేరెడివి. ఆ అడవిని ఎరిగినవారు, అందు బ్రతికినవారు యానాదులు. దొరతనమువారి పత్రములలో వారు అడవి సరకులు తెచ్చియిచ్చు కూలివారుగనే కన్పింతురు.

1969లో రాకెట్ కేంద్రమునకు దీవిని ఎన్నుకొనిరి. తూర్పున అంతయు సముద్రము, భూమధ్యరేఖకు చేరువ, జనము తక్కువ. తక్కువ యనగా లేరని కాదు. ఊళ్లు ఖాళీ అయినవి; యానాదులు కొందరు దీవియందే నిలిచిరి. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచెను. 1976లో సరస్సులోని ఆంధ్ర భాగము పక్షులకు రక్షిత ప్రదేశమాయెను. ఆ యేడే, గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టు నేలపట్టు చెరువునకును అట్టి రక్షణ లభించెను. తమిళనాడు తన భాగమును 1980లో ప్రకటించెను.

రక్షణ కాగితముమీద వచ్చినది గాని, నీటికి తోవ చూపలేదు. మనము పక్షులను చూచు ఆ బాటయే సరస్సును రెండుగా చీల్చి నీటి రాకపోకలకు అడ్డము నిలిచినది. వేసవిలో ఉత్తరభాగము బీటలు వారి, తెల్లని ఉప్పు తేలును. పులికాటు వైపు జాలరులు ‘పాడు’ అను కట్టుబాటు ప్రకారము వంతులు పంచుకొని వలలు వేయుదురు. ముఖద్వారము పూడినయేడు కడలినుండి రొయ్యపిల్ల లోనికి రాదు. వంతు వచ్చినను వలలో పడునది తక్కువ. అట్టివేళ వారు పారలు పట్టి ఇసుక త్రవ్వి, పోటుకొరకు ఎదురుచూతురు.